మానిటర్ కాంట్రాస్ట్ కొలవడానికి కెమెరా చాలా, మీటర్ కొనాలా?

బెంగళూరు ఎస్పీ రోడ్డు షాపుల్లో మానిటర్ డబ్బాలు వరసగా చూస్తూ వెళ్తే ఒకదాని మీద 1000:1 అని, పక్కదాని మీద 3000:1 అని, ఇంకోదాని మీద ఏకంగా కోట్లలో ఒక అంకె కనిపిస్తుంది. ఆ కోట్ల అంకెను పట్టించుకోకండి. అది డైనమిక్ కాంట్రాస్ట్. తెర మొత్తం నల్లగా ఉన్నప్పుడు వెనక లైటును దాదాపు ఆర్పేసి, తెల్లగా ఉన్నప్పుడు పూర్తిగా వెలిగించి, ఈ రెండింటినీ భాగిస్తే వచ్చేది. ఒకే బొమ్మలో నలుపూ తెలుపూ కలిసి ఉన్నప్పుడు దానివల్ల ఒరిగేది ఏమీ లేదు. మిగిలిన రెండు అంకెలు నిజమా కాదా అన్నది మాత్రం ఇంట్లోనే తేల్చుకోవచ్చు.

ఎలా తేల్చుకోవాలి అన్న దగ్గరే చాలామంది ఆగిపోతారు. డీఎస్ఎల్ఆర్‌తోనా, ఫోన్‌తోనా, వెలుగు కొలిచే లక్స్ మీటర్ కొనాలా, రంగులు కొలిచే కలరిమీటర్ తెప్పించుకోవాలా? నా మాట ముందే చెప్పేస్తాను. షట్టర్ వేగాన్ని చేతితో మార్చుకునే వీలున్న కెమెరా ఏదైనా మీ దగ్గర ఉంటే, కేవలం కాంట్రాస్ట్ కోసం ఇంకేమీ కొనకండి. కలరిమీటర్ కొనాల్సింది రంగులు కూడా సరిచేసుకోవాల్సిన వాళ్లే.

## కొలిచే ముందు మీ గది సంగతి

కాంట్రాస్ట్ అంటే తెల్లటి తెర ఇచ్చే వెలుగును నల్లటి తెర ఇచ్చే వెలుగుతో భాగించడం. ఎల్‌సీడీ తెర నల్లగా ఉన్నా వెనక లైటు కొంత కారుతూనే ఉంటుంది. తెలుపు 120 నిట్లు (తెర ఇచ్చే వెలుగుకు కొలమానం) ఇచ్చే 1000:1 తెర మీద నలుపు 0.12 నిట్లు. అదే 3000:1 తెర మీద 0.04 నిట్లు. చీకట్లో చూస్తే ఈ తేడా కళ్లకు కొట్టినట్టు తెలుస్తుంది.

ఇప్పుడు ట్యూబ్‌లైట్ వేయండి. తెర మీద 100 లక్స్ (ఒక చోట పడే వెలుగుకు కొలమానం) వెలుగు పడుతోందనీ, అందులో 1 శాతం తిరిగి మీ వైపు చెదురుతోందనీ అనుకుందాం. దానివల్ల తెర అంతటా సుమారు 0.32 నిట్లు అదనంగా చేరతాయి. మొదటి తెర నలుపు 0.44 అవుతుంది, రెండోదాని నలుపు 0.36. తెలుపు రెండింటిలోనూ 120.32. భాగించి చూస్తే 1000:1 కాస్తా 273:1 అయింది, 3000:1 కాస్తా 334:1 అయింది. డబ్బా మీద మూడు రెట్లున్న తేడా గదిలో పావు వంతుకు కూడా రాలేదు.

అందుకే పగలంతా కిటికీ పక్కనో, ట్యూబ్‌లైట్ కిందో కూర్చుని కోడ్ రాసుకునే వాళ్లకు నా సలహా: కాంట్రాస్ట్ కొలిచే శ్రమ పెట్టుకోకండి. అక్షరాల స్పష్టత, తెర పరిమాణం, స్టాండ్ ఎత్తు మార్చుకునే వీలు చూసుకుని కొనేయండి. రాత్రి లైట్లు ఆర్పి సినిమాలు చూసేవాళ్లు, ఆటలు ఆడేవాళ్లు, ఫోటోల పని చేసేవాళ్లు, కొత్త మానిటర్‌లో నలుపు బూడిద రంగులో కనిపిస్తోందని అనుమానపడేవాళ్లు ముందుకు చదవండి.

## ఏ సాధనమైనా తేలాల్సింది ఎక్కడ

ఏ పద్ధతిని ఎంచుకున్నా ముందు చూడాల్సింది అది నలుపును చదవగలదా అన్నదే. తెలుపును కొలవడం ఎవరికైనా సులువు. అసలు పరీక్ష 0.1 నిట్ దగ్గర. చాలా సాధనాలు అక్కడే చేతులెత్తేస్తాయి.

రెండోది, అది ఇచ్చే అంకె వెలుగుతో సమానంగా పెరుగుతుందా అన్నది. జేపెగ్ ఫోటోలో 128 అనే విలువ 255లో సగం కదా అని సగం వెలుగు అనుకుంటే పొరపాటు. అది నిజానికి ఐదో వంతు వెలుగు. కాబట్టి తెల్ల తెర ఫోటోలోని అంకెను నల్ల తెర ఫోటోలోని అంకెతో నేరుగా భాగించి కాంట్రాస్ట్ అనుకోకూడదు.

మూడోది, మీకు ఎంత ఖచ్చితత్వం కావాలి? ఇది ఐపీఎస్ ప్యానెలా, వీఏ ప్యానెలా (ఇవి ఎల్‌సీడీ తెరల్లో రకాలు) అని తేల్చడానికి పది పదిహేను శాతం తేడా ఉన్నా పర్వాలేదు. ఒకే మోడల్‌లోని రెండు మానిటర్లను పోల్చాలంటే అది చాలదు. డబ్బు, సమయం చివర చూడండి. ఎందుకంటే బాగా పనిచేసే పద్ధతుల్లో ఒకటి దాదాపు ఖర్చు లేనిదే.

ప్యానెళ్ల నుంచి మామూలుగా ఏం ఆశించవచ్చో కూడా తెలిసి ఉండాలి. టీఎన్ అనే పాత రకం 700 నుంచి 1000, ఐపీఎస్ 1000 చుట్టుపక్కల, ఐపీఎస్ బ్లాక్ అనే కొత్త రకం 2000 చుట్టుపక్కల లేదా అంతకంటే ఎక్కువ, వీఏ 2500 నుంచి 5000 మధ్య. ఓలెడ్‌లో నల్ల పిక్సెల్ వెలగనే వెలగదు కాబట్టి అక్కడ కొలిచేది తెరను కాదు, మీ గదిలోని చీకటిని. ఓలెడ్ ఉన్నవాళ్లకు ఈ పని అక్కర్లేదు.

## అన్ని పద్ధతులకూ కావాల్సిన తయారీ

మానిటర్‌ను అరగంట ముందే వెలిగించి ఉంచండి. మెనూలో డైనమిక్ కాంట్రాస్ట్, ఎకో మోడ్, గది వెలుగును బట్టి మారే బ్రైట్‌నెస్, తెరలో ఒక్కో భాగం వెనక లైటును విడివిడిగా తగ్గించే లోకల్ డిమ్మింగ్ అన్నీ ఆపేయండి. బ్రైట్‌నెస్‌ను మాత్రం పూర్తిగా పెంచండి. ఎల్‌సీడీలో వెనక లైటును పెంచినా తగ్గించినా నిష్పత్తి పెద్దగా మారదు, కానీ నలుపు కొలవడం తేలికవుతుంది. ఇంకో లాభం కూడా ఉంది. కొన్ని మానిటర్లు బ్రైట్‌నెస్ తగ్గించడానికి లైటును వేగంగా ఆర్పుతూ వెలిగిస్తూ ఉంటాయి. పూర్తి బ్రైట్‌నెస్ దగ్గర ఆ మిణుకు మామూలుగా ఉండదు, కాబట్టి ఫోటోలో చారలు రావు.

హెచ్‌డీఎంఐ కేబుల్‌తో కలిపి ఉంటే గ్రాఫిక్స్ సెట్టింగుల్లోకి వెళ్లి ఆర్‌జీబీ రేంజ్ 'ఫుల్' అని ఉందో లేదో చూడండి. 'లిమిటెడ్' అని ఉండి, మానిటర్ దాన్ని గుర్తించకపోతే కంప్యూటర్ పంపే నలుపు 0 కాకుండా 16 దగ్గర మొదలవుతుంది. నలుపు బూడిద రంగుగా ఉందని బాధపడేవాళ్లలో కొందరి సమస్య ఇక్కడే తీరిపోతుంది.

ఇక చీకటి. మారతహళ్లి, బీటీఎం వైపు పీజీ గదుల్లో ఉండేవాళ్లకు ఇదే కష్టమైన భాగం. రాత్రి లైటు ఆర్పినా వీధి దీపం కర్టెన్‌లోంచి వస్తూనే ఉంటుంది. రౌటర్ లైటు, మానిటర్ కింద ఉండే చిన్న పవర్ లైటు, పక్క మంచం మీద రూమ్మేట్ ఫోను, మీరు వేసుకున్న తెల్ల చొక్కా, ఇవన్నీ నల్ల తెర మీద పడి లెక్క పాడుచేస్తాయి. కిటికీకి దుప్పటి కట్టండి, చిన్న లైట్ల మీద నల్ల టేపు వేయండి. ముదురు రంగు చొక్కా వేసుకుని తెర ఎదురుగా కాకుండా పక్కకు నిలబడండి.

గది సరిపడా చీకటిగా ఉందో లేదో ఊహించక్కర్లేదు. నల్ల తెరకు వాడిన సెట్టింగులతోనే, మానిటర్‌ను పూర్తిగా ఆపేసి ఒక ఫోటో తీయండి. అది దాదాపు పూర్తి నలుపుగా వస్తే గది బాగుంది. అందులోనూ బూడిద రంగు కనిపిస్తే, మీరు కొలుస్తున్న నలుపులో ఆ మేరకు గది వెలుగు కలిసి ఉందన్నమాట. తెల్ల తెర, నల్ల తెర ఫోటోల తర్వాత తీయాల్సిన ఈ మూడో ఫోటోను ఎవరూ తీయరు, కానీ కొలతను నమ్మాలో వద్దో చెప్పేది అదే.

## మొదటి దారి: కెమెరా, డయల్ క్లిక్కులు

ఇది నాకు బాగా నచ్చిన పద్ధతి. సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు, పాత డీఎస్ఎల్ఆర్ చాలు, దాంతో వచ్చిన కిట్ లెన్స్ చాలు. తెల్ల తెర ఒక ఫోటో, నల్ల తెర ఒక ఫోటో తీయాలి. రెండు ఫోటోలూ ఒకే వెలుగులో కనిపించేదాకా నల్ల తెరకు షట్టర్ సమయాన్ని పెంచుకుంటూ పోవాలి. ఎన్ని రెట్లు పెంచామో అదే కాంట్రాస్ట్. రెండు ఫోటోల్లోనూ చివరకు విలువ ఒకటే కాబట్టి జేపెగ్ వంపు (అంకె వెలుగుతో సమానంగా పెరగకపోవడం) ఎలా ఉన్నా దాని ప్రభావం రెండు వైపులా సమానం. పోలిక చెడదు.

కెమెరాను ట్రైపాడ్ మీద తెర మధ్యకు ఎదురుగా, అదే ఎత్తులో పెట్టండి. ఫ్రేమ్ నిండా తెర మధ్య భాగమే ఉండాలి. ఫోకస్‌ను మాన్యువల్‌లో పెట్టి కొంచెం మసకగా చేయండి. పిక్సెళ్ల గళ్లు ఫోటోలో అలలుగా కనపడకుండా ఉండటానికి ఇది అవసరం. మాన్యువల్ మోడ్, ఐఎస్ఓ (సెన్సర్ సున్నితత్వం) 100, ఎఫ్ నంబరు (లెన్స్ ఎంత తెరుచుకుందో చెప్పేది) 5.6, వైట్ బ్యాలెన్స్ ఏదో ఒకదాని మీద స్థిరంగా. వెలుగును తనంతట తాను సర్దే ఆప్షన్లన్నీ ఆపండి.

తెల్ల తెరకు 1/60 దగ్గర మొదలుపెట్టండి. ఫోటోలోని వెలుగు ఎలా పరుచుకుందో చూపే గ్రాఫ్ అయిన హిస్టోగ్రామ్‌లో శిఖరం మధ్యలోకి రావాలి. 300 నిట్లు ఇచ్చే మానిటర్‌కు ఎఫ్ 5.6, ఐఎస్ఓ 100 దగ్గర అది దాదాపు అక్కడే వస్తుంది. తర్వాత తెరను నల్లగా మార్చి, సెల్ఫ్ టైమర్ పెట్టి, షట్టర్ సమయాన్ని సెకన్లలోకి పెంచుతూ శిఖరం మళ్లీ అదే చోటికి వచ్చేదాకా ఫోటోలు తీయండి. ఎఫ్ నంబరును, ఐఎస్ఓను మధ్యలో ముట్టుకోకండి. షట్టర్ సమయాన్ని నమ్మినంతగా వాటిని నమ్మలేం.

ఇక్కడ చాలామంది లెక్క తప్పే చోటు ఒకటుంది. తెలుపు 1/60, నలుపు 15 సెకన్లు అయితే 15ను 60తో గుణించి 900:1 అనుకుంటారు. కెమెరా తెర మీద 15 అని రాసి ఉన్నా చాలా కెమెరాల్లో అసలు సమయం 16 సెకన్లు, 1/60 అంటే అసలు 1/64, 30 అంటే 32. షట్టర్ సమయం ప్రతి స్టాపుకూ (వెలుగు రెట్టింపయ్యే ఒక్కో మెట్టు) సరిగ్గా రెట్టింపు అవుతుంది. గుండ్రని అంకెలు మన సౌకర్యానికి పెట్టినవి. కాబట్టి అక్కడ అసలు జవాబు 1024:1.

అందుకే అంకెలు వదిలేసి డయల్ క్లిక్కులు లెక్కపెట్టండి. కెమెరాలో షట్టర్ మూడో వంతు స్టాపుల చొప్పున మారేలా ఉంటే ఈ పట్టిక సరిపోతుంది:

| తెలుపు నుంచి నలుపుకు క్లిక్కులు | కాంట్రాస్ట్ | మామూలుగా ఏ ప్యానెల్ |
|---|---|---|
| 27 | 512:1 | ఏదో తేడా ఉంది, సెట్టింగులు చూడండి |
| 28 | 645:1 | టీఎన్ అయితే కింది అంచు |
| 29 | 813:1 | టీఎన్, ఒక మోస్తరు ఐపీఎస్ |
| 30 | 1024:1 | ఐపీఎస్ |
| 31 | 1290:1 | మంచి ఐపీఎస్ |
| 33 | 2048:1 | ఐపీఎస్ బ్లాక్ |
| 34 | 2580:1 | వీఏ |
| 35 | 3251:1 | వీఏ |
| 36 | 4096:1 | మంచి వీఏ |

వీఏ తెర అయితే ఎఫ్ 4 దాకా తెరిచే లెన్స్ ఉంటే మంచిది. అప్పుడు తెల్ల తెరను 1/125 దగ్గర మొదలుపెట్టవచ్చు, అక్కడి నుంచి 36 క్లిక్కులకు 30 సెకన్ల గుర్తు వస్తుంది. లేకపోతే బటన్ నొక్కి ఉంచినంతసేపూ షట్టర్ తెరిచి ఉండే బల్బ్ మోడ్‌లో గడియారం చూసుకుని తీయాలి. లాంగ్ ఎక్స్‌పోజర్ నాయిస్ రిడక్షన్ వేసి ఉంటే ప్రతి ఫోటో తర్వాత కెమెరా అంతే సేపు మళ్లీ ఆగుతుంది. పాడైపోయిందని కంగారు పడకండి, అది తన పని చేసుకుంటోంది.

ఈ పద్ధతికి ఉన్న హద్దు కూడా చెప్పాలి. శిఖరాన్ని అర క్లిక్ తేడాతో సరిపోల్చగలిగారంటే ఫలితంలో సుమారు 12 శాతం అటూ ఇటూ ఉంటుంది. 1000 అన్నది 890 కావచ్చు, 1120 కావచ్చు. ఐపీఎస్‌ను వీఏ నుంచి వేరు చేయడానికి ఇది బోలెడు.

## రెండో దారి: అదే కెమెరా, రా ఫైలు

12 శాతం కూడా వద్దనుకునేవాళ్లు ఇదే సరంజామాతో రా ఫార్మాట్‌లో (కెమెరా సర్దుబాట్లు చేయని సెన్సర్ అంకెలు) తీయండి. రా ఫైలులోని అంకె సెన్సర్ మీద పడ్డ వెలుగుతో నేరుగా పెరుగుతుంది. కాబట్టి రెండు ఫోటోలూ ఒకే వెలుగులో ఉండక్కర్లేదు. ఒక్కో ఫోటోకూ సెకనుకు ఎంత వెలుగు వచ్చిందో లెక్కకట్టి భాగిస్తే చాలు.

ఒక షరతు ఉంది. వెలుగు అసలు లేకపోయినా సెన్సర్ సున్నా చూపించదు, కొంత మూల విలువ చూపిస్తుంది. బియ్యం తూచేటప్పుడు గిన్నె బరువు తీసేసినట్టు దాన్ని ముందు తీసేయాలి. లెన్స్‌కు మూత పెట్టి, నల్ల తెరకు వాడిన షట్టర్ సమయంతోనే ఒక ఫోటో తీస్తే ఆ విలువ తెలుస్తుంది.

ఒక ఉదాహరణ లెక్క చూద్దాం. మూత పెట్టిన ఫోటోలో సగటు 512. తెల్ల తెర 1/64 సెకనుకు 8,912. అంటే 8,400, సెకనుకు 5,37,600. నల్ల తెర 8 సెకన్లకు 4,992. అంటే 4,480, సెకనుకు 560. భాగిస్తే 960:1.

ఇదే మానిటర్‌ను రెండుసార్లూ 1/64 సెకనుతోనే తీసి, 512 తీసేయడం మర్చిపోయి భాగిస్తే ఎంత వస్తుందో తెలుసా? నల్ల తెర విలువ 521 దగ్గర ఉంటుంది. జవాబు 17:1. కెమెరాతో కాంట్రాస్ట్ కొలవడం కుదరదని కొందరు గట్టిగా వాదించడానికి కారణం ఎక్కువగా ఇలాంటి లెక్కే.

అంకెలు చూడటానికి రాడిగ్గర్ లాంటి ప్రోగ్రాం వాడవచ్చు. పైథాన్ వచ్చినవాళ్లకు రాపై లైబ్రరీ ఉచితంగా ఉంది, పదిహేను లైన్ల కోడ్‌తో పని అయిపోతుంది. ఫోటో మధ్య భాగం సగటు మాత్రమే తీసుకోండి, అంచుల్లో లెన్స్ వెలుగును తగ్గిస్తుంది. ఆకుపచ్చ ఛానెల్ ఒక్కటే చూడండి. మన కన్ను వెలుగును గ్రహించే తీరుకు అదే దగ్గరగా ఉంటుంది. చాలా ఐపీఎస్ తెరల నలుపులో కొంచెం నీలం ఛాయ ఉంటుంది కాబట్టి నీలం ఛానెల్ తీసుకుంటే కాంట్రాస్ట్ తక్కువగా వస్తుంది. మూత పెట్టిన ఫోటో విలువకు బదులు మానిటర్ ఆపేసి తీసిన ఫోటో విలువను ఇక్కడ నల్ల తెర విలువలోంచి తీసేయవచ్చు. పీజీ గదిని పూర్తి చీకటి చేయలేనివాళ్లకు రా పద్ధతి ఇచ్చే పెద్ద వెసులుబాటు ఇదే.

తెలుపూ నలుపూ పక్కపక్కనే ఉన్న చదరంగం బొమ్మను తెర మీద పెట్టి ఒకే ఫోటోలో కొలుద్దామని అనిపిస్తుంది. వద్దు. తెల్ల గళ్ల వెలుగు లెన్స్ లోపల చెదిరి నల్ల గళ్ల మీద పడుతుంది. అప్పుడు మీరు కొలిచేది మానిటర్‌ను కాదు, లెన్స్‌ను. లోకల్ డిమ్మింగ్ ఉన్న మినీ ఎల్ఈడీ మానిటర్లకు మాత్రం ఆ బొమ్మ అవసరం. అప్పుడు తెల్ల గళ్లన్నిటినీ నల్ల చార్ట్ పేపర్‌తో కప్పి, ఒక నల్ల గడి మాత్రమే కనిపించేలా రంధ్రం చేసి తీయండి.

## మూడో దారి: ఫోన్

ఆండ్రాయిడ్ ఫోన్‌లో ప్రో మోడ్ ఉంటే, లేదా ఓపెన్ కెమెరా లాంటి ఉచిత యాప్‌లో షట్టర్‌నూ ఐఎస్ఓనూ చేతితో పెట్టగలిగితే, పైన చెప్పిన రెండు పద్ధతులూ ఫోన్‌తో చేయవచ్చు. ఫోన్ లెన్స్ ఎఫ్ నంబరు మామూలుగా మారదు కాబట్టి ఆ గొడవ లేదు. నలుపుకు ఐపీఎస్ తెర మీద ఒకటి రెండు సెకన్లు, వీఏ తెర మీద నాలుగైదు సెకన్లు చాలు కాబట్టి పని త్వరగా అవుతుంది.

ఇబ్బంది తెలుపు దగ్గర వస్తుంది. ఫోన్ లెన్స్ బాగా తెరుచుకుని ఉంటుంది కాబట్టి తెల్ల తెరకు షట్టర్ 1/750 దాకా వెళ్తుంది. మానిటర్ లైటు మిణుకుతూ ఉంటే అంత తక్కువ సమయంలో ఫోటోలో చారలు పడతాయి, కొలత ఒక్కో ఫోటోకు ఒక్కోలా వస్తుంది. పూర్తి బ్రైట్‌నెస్ పెట్టమని పైన చెప్పింది ఫోన్ వాడేవాళ్లకు మరీ ముఖ్యం. చారలు కనిపిస్తే ఆ ఫలితాన్ని నమ్మకండి.

మామూలు ఆటో మోడ్, నైట్ మోడ్, హెచ్‌డీఆర్ ఇక్కడ పనికిరావు. అవి నల్ల తెరను చూసి చీకటిగా ఉందని వెలుగు పెంచేస్తాయి, తెల్ల తెరను చూసి తగ్గించేస్తాయి. ఐఫోన్ సొంత కెమెరా యాప్‌లో షట్టర్‌ను చేతితో పెట్టే వీలు లేదు, వేరే యాప్ కావాలి. ఇంకో సంగతి: నల్ల తెరను తీసేటప్పుడు ఫోన్ సొంత తెర వెలుగు మీ మీద, గోడల మీద పడి తిరిగి మానిటర్ మీదకు వస్తుంది. బ్రైట్‌నెస్ పూర్తిగా తగ్గించి, లెన్స్‌కు అడ్డం రాకుండా ఫోన్ తెర వైపు నల్ల గుడ్డ కప్పి, టైమర్‌తో తీయండి.

రెండు మానిటర్లను పక్కపక్కన పెట్టి ఏది మెరుగు అని చూడటానికి ఫోన్ బాగా పనికొస్తుంది. అంకె కొంచెం తప్పినా రెండింటికీ ఒకేలా తప్పుతుంది.

## లక్స్ మీటర్, ఫోన్‌లో లక్స్ యాప్

యాప్ గురించి ఒక్క మాటలో: వద్దు. నల్ల తెరకు ఆనించినా అక్కడ పడే వెలుగు ఒక లక్స్ దగ్గరే ఉంటుంది. ఫోన్ లైట్ సెన్సర్ దాన్ని సున్నా అనో ఒకటి అనో చూపిస్తుంది. దాంతో భాగిస్తే ఏ జవాబైనా వస్తుంది.

వెయ్యి, రెండు వేల రూపాయల్లో దొరికే లక్స్ మీటర్ కొంత నయం. 300 నిట్ల తెరకు ఆనిస్తే తెలుపు 940 లక్స్ దాకా, 1000:1 తెర నలుపు 0.94 లక్స్ చూపించాలి. మీటర్ 0.1 లక్స్ దాకా చూపించేదైతే 0.9 అని వస్తుంది, ఫలితం దగ్గరగానే ఉంటుంది. వీఏ తెర అయితే నలుపు 0.3 అవుతుంది. చివరి అంకె ఒక్కటి మారి 0.4 అయితే 3100 కాస్తా 2350కి పడిపోతుంది. చవక మీటర్లలో చివరి అంకె అలా మారడం మామూలే. పైగా తెరకు ఆనించిన మీటర్ అన్ని కోణాల నుంచి వచ్చే వెలుగును కలుపుకుంటుంది. ఐపీఎస్ నలుపు పక్క నుంచి చూస్తే తేలిపోతుంది కాబట్టి మీరు ఎదురుగా చూసేదానికంటే కాంట్రాస్ట్ తక్కువగా వస్తుంది. కాంట్రాస్ట్ కోసమే దీన్ని కొనడం నాకు సరిగా అనిపించదు.

## కలరిమీటర్

డేటాకలర్ వాళ్ల స్పైడర్, కాలిబ్రైట్ వాళ్ల పరికరాలు తెర మీద వేలాడదీసి, ఉచితంగా దొరికే డిస్‌ప్లేక్యాల్ లాంటి ప్రోగ్రాం నడిపితే కొద్ది నిమిషాల్లో తెలుపు, నలుపు, కాంట్రాస్ట్ అన్నీ చెప్పేస్తాయి. పరికరం తెరకు ఆని ఉంటుంది కాబట్టి గది వెలుగు బాధ తక్కువ. లెక్కలు లేవు, క్లిక్కులు లేవు. ఖర్చు మాత్రం పది వేలు దాటుతుంది. అన్నిటికంటే చవక మోడళ్లలో బాగా లోతైన నలుపు దగ్గర కొలత కొంచెం ఊగుతుంది, రెండు మూడు సార్లు కొలిచి చూసుకోండి.

పెళ్లి ఆల్బమ్‌లు డిజైన్ చేసేవాళ్లు, ప్రింటుకు ఫోటోలు పంపేవాళ్లు దీన్ని ఎటూ కొనాలి. కొన్న పని రంగులు సరిచేయడం, కాంట్రాస్ట్ అంకె దాంతోపాటు వచ్చేది. ఒక్కసారి కొలవడానికి మాత్రం ఇంత పెట్టకండి. బెంగళూరులో కెమెరాలు రోజు అద్దెకు ఇచ్చే షాపులు ఉన్నాయి. ఒక రోజు డీఎస్ఎల్ఆర్ తెచ్చుకుంటే, లేదా స్నేహితుడి కెమెరా శనివారం రాత్రికి అడిగి తీసుకుంటే పని అయిపోతుంది.

## పక్కపక్కన పెట్టి చూస్తే

| పద్ధతి | నలుపు చదవగలదా | ఖచ్చితత్వం | ఖర్చు | ఎవరికి |
|---|---|---|---|---|
| కెమెరా, క్లిక్కులు | బాగా | సుమారు 12 శాతం లోపు | కెమెరా ఉంటే లేదు | చాలామందికి |
| కెమెరా, రా | చాలా బాగా | ఇంకా మెరుగు | కెమెరా ఉంటే లేదు | లెక్క ఓపిక ఉన్నవాళ్లకు |
| ఫోన్ ప్రో మోడ్ | ఫర్వాలేదు | మిణుకు లేకపోతే మంచిదే | లేదు | రెండు తెరలు పోల్చేవాళ్లకు |
| లక్స్ మీటర్ | అంతంత మాత్రం | వీఏకు చాలదు | వెయ్యి, రెండు వేలు | ఇప్పటికే ఉన్నవాళ్లకు |
| కలరిమీటర్ | బాగా | మంచిది | పది వేల పైన | రంగుల పని చేసేవాళ్లకు |

కొనకముందే తెలుసుకోవాలనుకుంటే ఇవేవీ అక్కర్లేదు. ఆర్‌టింగ్స్ లాంటి సైట్లు మానిటర్లను తామే కొలిచి అంకెలు ఇస్తాయి. మీ మోడల్ అక్కడ ఉంటే ముందు అది చూడండి. షాపులో, అంత వెలుగు కింద, ఏ సాధనంతోనూ కొలవకండి. సెకండ్ హ్యాండ్ మానిటర్ కొనేవాళ్లు మాత్రం అమ్మేవాళ్ల ఇంటికి సాయంత్రం చీకటి పడ్డాక వెళ్లండి, గదిలో లైటు ఆర్పమని అడిగి నల్ల తెర చూడండి. మూలల్లో వెలుగు కారుతోందా, మరకలు ఉన్నాయా అన్నది అక్కడికక్కడే తెలుస్తుంది. కాంట్రాస్ట్ అంకె కంటే ఆ కొనుగోలులో అదే ముఖ్యం.

## అంకె బాగా తక్కువ వస్తే

ఐపీఎస్‌కు 500 లోపు, వీఏకు 1500 లోపు వచ్చిందంటే వెంటనే మానిటర్ మీద నేరం మోపకండి. మొదట ఆర్‌జీబీ రేంజ్. తర్వాత మానిటర్ మెనూలో బ్లాక్ ఈక్వలైజర్, బ్లాక్ స్టెబిలైజర్ లాంటి పేర్లతో ఉండే ఆటల సెట్టింగు. అది చీకటి భాగాలను కావాలనే పైకి లేపుతుంది. ఆ తర్వాత కెమెరా సరిగ్గా ఎదురుగా ఉందా చూడండి. కొంచెం పక్కకు జరిగినా వీఏ, టీఎన్ తెరల్లో అంకె పడిపోతుంది. చివరగా మానిటర్ ఆపేసి తీసిన ఆ మూడో ఫోటో. అది బూడిద రంగులో ఉంటే లోపం గదిది.

ఇవన్నీ సరిచూసుకున్నాక కూడా అంకె అలాగే ఉంటే, రిటర్న్ గడువు దాటకముందే తిరిగి ఇచ్చేయడం మేలు. కంపెనీలు డబ్బా మీద ఇచ్చేది సగటు అంకె, దాని పక్కన మామూలుగా 'టిపికల్' అని ఉంటుంది. గడువు దాటాక అది చూపించి వారంటీలో మార్పించుకోవడం కష్టం. తెల్ల తెర, నల్ల తెర, ఆపేసిన తెర ఫోటోలు మూడూ మార్చకుండా అలాగే ఉంచుకోండి. షట్టర్, ఎఫ్ నంబరు, ఐఎస్ఓ వివరాలు ఫైలులోనే ఉంటాయి కాబట్టి షాపు వాళ్లతో మాట్లాడేటప్పుడు అవి పనికొస్తాయి.